ముందు తూటా, తర్వాతే యాక్షన్

(చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో తెలుగు ఫిట్టర్లు, టర్నర్లు, ఐటీఐ విద్యార్థులు, షూటింగ్ నేర్చుకుంటున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం. చివర్లో సభలోని వాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా ఉన్నాయి.)

పెద్దలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఈ ఊళ్లో స్టేషన్ దిగగానే మరాఠీ, హిందీ, తెలుగు మూడూ ఒకేసారి చెవిన పడతాయి. గనుల్లో, పేపర్ మిల్లులో పనిచేసే మన కుటుంబాలు ఎన్నో కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తరాల కింద వచ్చినవే. ఇక్కడ కూర్చున్నవాళ్లలో లేత్ మీద చెయ్యి పడినవాళ్లు, మైక్రోమీటర్ పట్టినవాళ్లు ఎక్కువ. కాబట్టి తుపాకీ గురించి సినిమాలో లాగా మాట్లాడను. ఒక్కోసారి ఒక్క తూటానే పెట్టి కాల్చే సింగిల్ షాట్ రైఫిల్‌కు ఏ యాక్షన్ ఎంచుకోవాలన్నదే ఇవాళ్టి విషయం. యాక్షన్ అంటే గొట్టం వెనక భాగాన్ని మూసి పట్టే యంత్రాంగం, వివరం కాసేపట్లో చెబుతాను. బలం ఎక్కడ పుడుతుంది, దాన్ని ఏ లోహం ఆపుతుంది, ఎలా ఆపుతుంది, ఈ మూడింటి చుట్టూనే మాట్లాడతాను.

మొదట చట్టం సంగతి చెప్పేస్తాను, అది తేలకుండా మిగతాది మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో ఒక మనిషి యాక్షన్ ఒకచోట కొని, బ్యారెల్ ఇంకోచోట చేయించి, తనకు నచ్చిన వాల్‌నట్ చెక్కతో భుజానికి ఆనించే స్టాక్ వేయించుకుని, సింగిల్ షాట్ రైఫిల్ కట్టించుకోవడం చాలాకాలంగా ఉంది. వాళ్ల చట్టాలు వాళ్లవి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం కూడా నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తయారు చేస్తే కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. మీ షెడ్డులో లేత్ ఉంది, చేతిలో పని ఉంది కదా అని ఎవరూ ఆ వైపు ఆలోచన కూడా పెట్టవద్దు. పక్కనే తాడోబా పులుల అడవి ఉంది. వేట మాట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే ముగిసింది. మరి ఇదంతా ఎందుకు తెలుసుకోవాలి? రేంజ్‌లో చేతికిచ్చిన రైఫిల్ ఎందుకు అలా ఉందో తెలిసిన షూటర్ వేరు, తెలియని షూటర్ వేరు. పైగా ఒక లోహపు దిమ్మ టన్నుల బలాన్ని ఎలా ఆపుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే చక్కని పాఠం నాకు దొరకలేదు.

యాక్షన్ అంటే ఏమిటి? గొట్టం వెనక భాగాన్ని బ్రీచ్ అంటారు. దాన్ని మూసిపెట్టి, తూటాను పేల్చి, తర్వాత తెరిచి ఖాళీ కేస్‌ను, అంటే తూటా ఇత్తడి గొట్టాన్ని, బయటికి లాగే యంత్రాంగం మొత్తం యాక్షన్. మన పల్లెల్లో లైసెన్సు మీద ఉండే సింగిల్ బ్యారెల్ బారా బోర్‌ను మడిచి తెరుస్తారు కదా, అదీ ఒక రకం యాక్షనే.

ఇది చరిత్రలో ఎంత తొందరగా మారిందో చూడండి. 1858లో ఇదే చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్, జైలులో గోండు వీరుడు బాబూరావు షెడ్మాకేను ఉరితీశారు. అప్పటికి ఇంగ్లీషు సైన్యం చేతిలో ఉన్న ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు కూడా మూతి నుంచే మందు పోసి, గుండు కూరి, రాడ్‌తో దంచాలి. 1866లో జేకబ్ స్నైడర్ పద్ధతిలో అవే రైఫిళ్ల వెనక భాగాన్ని కోసి, పక్కకు తెరుచుకునే బ్రీచ్ పెట్టారు. 1871కల్లా మార్టినీ హెన్రీ వచ్చేసింది. పదమూడేళ్లలో మూతి నుంచి బ్రీచ్‌కు మారిపోయింది. 1857 తిరుగుబాటు తర్వాత దేశీ సిపాయిలకు ఎప్పుడూ ఒక తరం పాత తుపాకులే ఇచ్చేవాళ్లు, అది కావాలని పెట్టుకున్న విధానం. యాక్షన్ అనేది రాజ్యాధికారంతో ముడిపడిన వస్తువు అని మనం మరిచిపోకూడదు.

ఇక అసలు విషయం. చాలామంది ముందు యాక్షన్ మీద మనసు పడతారు. దాని రూపం అందంగా ఉంది, పేరు గొప్పగా ఉంది, పాతకాలం నాటిది అంటారు. తర్వాత దానికి ఏ తూటా పెడదామా అని వెతుకుతారు. నేను దీనికి గట్టిగా అడ్డం చెబుతాను. ముందు తూటా తేలాలి. ఆ తూటా ఎంత బలంతో వెనక్కి తంతుందో లెక్క కట్టాలి. ఆ తర్వాతే యాక్షన్ పేరు ఎత్తాలి.

లెక్క కష్టమేమీ కాదు. ఒత్తిడిని కేస్ అడుగు వైశాల్యంతో గుణించాలి. ఇత్తడి కేస్ ఉబ్బి చాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే గది, దాని గోడను కొంత పట్టుకుంటుంది, ఆ సాయాన్ని లెక్కలోకి తీసుకోకుండా బయటి వ్యాసం ప్రకారమే చేద్దాం. .22 లాంగ్ రైఫిల్, అంటే రేంజ్‌లో మీరు కాల్చే చిన్న తూటా, దాని గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. కేస్ చాలా సన్నం. వెనక్కి వచ్చే బలం సుమారు 430 కిలోలు. ఇప్పుడు .45-70 తీసుకోండి. 1873 నాటి అమెరికన్ సైన్యపు తూటా. ఒత్తిడి 28,000 పౌండ్లే, .22 కంటే పెద్ద ఎక్కువేం కాదు. కానీ అడుగు వెడల్పు అర అంగుళం. బలం 2,500 కిలోలు దాటుతుంది. ఇక .308 విన్చెస్టర్, ఒత్తిడి 62,000 పౌండ్లు, అడుగు 0.47 అంగుళాలు. బలం దాదాపు 4,900 కిలోలు. అయిదు టన్నులు, అదీ మిల్లీసెకన్లలో, మీ చెంపకు ఒక జానెడు దూరంలో.

ఇక్కడ అందరూ పొరపడే చోటు ఒకటుంది. గుండు సైజు చూసి తూటా చిన్నదా పెద్దదా అనుకుంటారు. .22 హార్నెట్, .22-250 రెండిట్లోనూ గుండు వ్యాసం ఒకటే, 0.224 అంగుళాలు. హార్నెట్ వెనక్కి తన్నే బలం 1,500 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. .22-250 కేస్ అడుగు .308 అంతే ఉంటుంది, ఒత్తిడి ఇంకా ఎక్కువ. అది అయిదు వేల కిలోలు దాటుతుంది. ముందు నుంచి చూస్తే కవలలు. వెనక నిలబడే దిమ్మకు మాత్రం మూడింతల తేడా. చిన్న యాక్షన్ మీద చిన్న గుండే కదా అని .22-250 బ్యారెల్ బిగించాలనుకునేవాడికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇప్పుడు ఆ బలాన్ని ఒక్కో యాక్షన్ ఎలా మోస్తుందో చూద్దాం. ఫిట్టర్ అన్నలు ఇక్కడ చెవులు రిక్కించాలి.

మార్టినీ నుంచి మొదలుపెడతాను. 1862లో అమెరికాలో హెన్రీ పీబాడీ పేటెంట్ తీసుకున్న డిజైన్‌కు బయట పెద్ద హ్యామర్ ఉండేది. స్విట్జర్లాండ్‌లో ఫ్రెడ్రిక్ ఫాన్ మార్టినీ ఆ హ్యామర్ తీసేసి, బ్రీచ్‌ను మూసే దిమ్మ లోపలే స్ట్రైకర్, అంటే తూటా అడుగును కొట్టే కడ్డీ, దానికి కాయిల్ స్ప్రింగ్ పెట్టాడు. ఎడిన్‌బరోకు చెందిన అలెగ్జాండర్ హెన్రీ రైఫ్లింగ్, అంటే గుండు తిరుగుతూ పోయేలా గొట్టం లోపల కోసే మెలిక గాడి, దానికి తోడైంది. కింది లీవర్ లాగితే దిమ్మ ముందు కొస కిందికి వాలుతుంది. దిమ్మ వెనక ఒక పిన్ మీద తిరుగుతుంది. అయితే పేలినప్పటి బలాన్ని ఆ పిన్ మోయకూడదు. దిమ్మ వెనక గుండ్రటి కొస, రిసీవర్, అంటే ఈ భాగాలన్నీ కూర్చునే ఉక్కు చట్రం, దాని వెనక గోడకు ఆనుకోవాలి, బలమంతా ఆ గోడకు పోవాలి. ఆనుడు సరిగా లేని మార్టినీలో పిన్ మీద షియర్, అంటే అడ్డంగా కోసే బలం, పడుతుంది. పాత మార్టినీని పరీక్షించే గన్‌స్మిత్ మొదట చూసేది అక్కడే.

దీని మంచి గుణం లాక్ టైమ్. ట్రిగ్గర్ నొక్కి స్ట్రైకర్‌ను వదిలాక, ప్రైమర్, అంటే తూటా అడుగున మందును అంటించే చిన్న మూత, దాని మీద దెబ్బ పడేదాకా పట్టే సమయం అది. స్ట్రైకర్ ప్రయాణం పొట్టి, కదిలే బరువు తక్కువ. అందుకే బీఎస్‌ఏ కంపెనీ .22 మార్టినీ టార్గెట్ రైఫిళ్లు బ్రిటిష్ రేంజ్‌లలో ఎన్నో ఏళ్లు ఏలాయి. 1910 ప్రాంతంలో ఆస్ట్రేలియా కుర్రాళ్ల శిక్షణ కోసం చేసిన చిన్న .310 క్యాడెట్ మార్టినీలను తర్వాత ఎంతోమంది హార్నెట్ లాంటి చిన్న తూటాలకు మార్చుకున్నారు. ఆ చిన్న ఫ్రేమ్‌కు ఆ స్థాయి సరిపోతుంది. మార్టినీ చెడ్డ గుణం కూడా చెప్పాలి. రిసీవర్ వెనక భాగం మూసి ఉంటుంది కాబట్టి క్లీనింగ్ రాడ్ బ్రీచ్ నుంచి నేరుగా పోదు, మూతి నుంచే దూర్చాలి. మూతి అరిగితే గురి పోతుంది. పైన స్కోపు బిగిస్తే తూటా పెట్టే వేళ్లకు చోటు ఉండదు.

ఇరుక్కున్న కేస్‌ను లాగడంలోనూ దీనికి బలం తక్కువ. 1885లో సూడాన్ యుద్ధంలో ఇది బయటపడింది. అప్పటి తూటా కేస్‌ను పలచటి ఇత్తడి రేకు చుట్టి చేసేవాళ్లు. వేడిమి, ఇసుక, మందు మసి కలిసి కేస్ చాంబర్‌కు అతుక్కుపోయేది, లీవర్ లాగినా వచ్చేది కాదు. తర్వాత గట్టి ఇత్తడి కేసులు వచ్చాయి. యాక్షన్ ఎంత మంచిదైనా తూటా మంచిది కాకపోతే సైనికుడి ప్రాణం పోతుంది.

రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ గురించి తొందరగా చెప్పేస్తాను. లెనార్డ్ గైగర్, జోసెఫ్ రైడర్ 1860లలో రూపొందించారు. రెండు లావాటి పిన్నులు, ఒకదాని మీద బ్లాక్, ఇంకోదాని మీద హ్యామర్. హ్యామర్ పడుతూ పడుతూ బ్లాక్ కిందికి దూరి దాన్ని లేవకుండా పట్టేస్తుంది. ఇంత తక్కువ భాగాలతో ఇంత గట్టి యంత్రం అరుదు, లక్షల్లో చేశారు. కానీ బరువైన హ్యామర్ చాలా దూరం తిరిగి రావాలి, లాక్ టైమ్ నెమ్మది. బలమంతా ఆ రెండు పిన్నుల మీదే. నల్లమందు నాటి తూటాలకు హాయిగా సరిపోతుంది. .308 లాంటి వాటికి పాత రోలింగ్ బ్లాక్‌ను నేను ఒప్పుకోను.

ఫాలింగ్ బ్లాక్ దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే నా మనసు దీని మీదే ఉంది. చెరువు తూము తలుపు గాడిలో పైకీ కిందికీ జరిగినట్టు, ఒక ఉక్కు దిమ్మ రిసీవర్‌లో కోసిన గాడిలో జరుగుతుంది. మూసినప్పుడు దిమ్మ వెనక తలం మొత్తం గాడి గోడకు ఆని ఉంటుంది. పిన్ లేదు, షియర్ లేదు, అంతా కంప్రెషన్, అంటే నొక్కుడే. ఉక్కు కంప్రెషన్‌లో ఎంత మోస్తుందో మీకు తెలుసు. క్రిస్టియన్ షార్ప్స్ 1848లోనే ఈ బాట వేశాడు. స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఫార్కర్సన్ 1872లో పేటెంట్ చేసిన యాక్షన్‌ను బ్రిస్టల్‌లో జార్జ్ గిబ్స్ తయారు చేశాడు. సింగిల్ షాట్లలో ఇంత అందమైన రూపం ఇంకోటి లేదని నా అభిప్రాయం. జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంట్ పొందిన డిజైన్‌ను విన్చెస్టర్ కొనుక్కుని 1885 మోడల్‌గా తెచ్చింది. అందులో హై వాల్, లో వాల్ అని రెండు. హై వాల్‌లో పక్క గోడలు దిమ్మను పైదాకా కప్పి ఉంటాయి, పెద్ద తూటాలకు. లో వాల్‌లో గోడలు కిందికి దిగి ఉంటాయి, తూటా పెట్టడానికి వేళ్లకు చోటు ఎక్కువ, చిన్న తూటాలకే పనికొస్తుంది. ఇందాక చెప్పిన లెక్క అక్కడ ఉక్కులోనే రాసి ఉంది. 1967లో రూగర్ కంపెనీ నెంబర్ 1 అనే రైఫిల్ తెచ్చింది, ఫార్కర్సన్ స్ఫూర్తితో. దాన్ని హార్నెట్ నుంచి .458 లాట్ అనే భారీ తూటా దాకా చేశారు. కొత్త ఉక్కు, కొత్త హీట్ ట్రీట్‌మెంట్ ఉంటే ఫాలింగ్ బ్లాక్ ఎంత మోయగలదో దానివల్ల తెలిసిపోయింది.

ఇంకో లాభం. బోల్టు, అంటే పిడి పట్టుకుని తిప్పి లాగే ఉక్కు కడ్డీ, వెనక్కి జరగాల్సిన చోటు ఇందులో అక్కర్లేదు. అదే బ్యారెల్ పొడవుతో మొత్తం రైఫిల్ బోల్ట్ యాక్షన్ కంటే దాదాపు పది సెంటీమీటర్లు పొట్టి అవుతుంది. లీవర్ కింద మధ్యలో ఉంటుంది కాబట్టి ఎడమచేతివాటం వాళ్లకూ కుడిచేతివాటం వాళ్లకూ ఒకటే.

లోపం కూడా ఉంది. స్టాక్ రెండు ముక్కలు. ముందు చెక్క బ్యారెల్ కింద విడిగా వేలాడుతుంది. రూగర్ నెంబర్ 1లో రిసీవర్ నుంచి ముందుకు వచ్చిన ఒక కడ్డీకి ఆ చెక్కను బిగిస్తారు. చెక్క వానకు ఉబ్బినా, స్క్రూ ఒకసారి ఎక్కువ బిగిసినా బ్యారెల్ మీద ఒత్తిడి మారి, గుళ్లు తగిలే చోటు జరుగుతుంది. మన వానాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇలాంటి రైఫిల్ తప్పుగా కాలుస్తోందంటే బ్యారెల్‌ను తిట్టేలోగా ఆ ముందు చెక్కను చూడాలి.

మడత యాక్షన్, అంటే బ్రేక్ యాక్షన్ గురించి రెండు మాటలు. బారా బోర్‌కు ఇదే సరైనది, షాట్‌గన్ తూటా ఒత్తిడి తక్కువ. రైఫిల్‌లో దీని సుఖం బ్యారెల్ మార్చడం. 1967లో వారెన్ సెంటర్ డిజైన్‌తో వచ్చిన థాంప్సన్ సెంటర్ కంటెండర్ పిస్టల్‌కు ఒక పిన్ తీస్తే బ్యారెల్ మారుతుంది, తూటా మారుతుంది. అయితే ఇరుసు కింద ఉంటుంది, బలం పైన పుడుతుంది. ప్రతి పేలుడుకూ ఫ్రేమ్ వంగి తెరుచుకోవాలని చూస్తుంది. అందుకని పెద్ద ఒత్తిళ్లకు ఫ్రేమ్‌ను బాగా బరువుగా చేయాల్సి వస్తుంది.

బోల్ట్ యాక్షన్ అంటే మ్యాగజైన్, అంటే తూటాలు నింపే పెట్టె, ఉండాలని చాలామంది అనుకుంటారు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఆయుధాల ఫ్యాక్టరీలో పాత లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ రైఫిళ్లను పోలీసుల కోసం .410 మస్కెట్లుగా మార్చి, మ్యాగజైన్ చోటు మూసి, ఒక్కో తూటా పెట్టి కాల్చేలా చేశారు. అదీ సింగిల్ షాటే. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్స్ అన్నీ అంతే. మ్యాగజైన్ కోసం రిసీవర్ కింద రంధ్రం కోయకపోతే రిసీవర్ గట్టిగా, వంగకుండా ఉంటుంది. స్టాక్ ఒకే ముక్క. ట్రిగ్గర్‌ను గ్రాముల్లో సరిచేసుకోవచ్చు. బ్రీచ్ నుంచి రాడ్ నేరుగా పోతుంది. బోల్టు తిప్పేటప్పుడు ఏటవాలు తలం కేస్‌ను ముందు కొంచెం వదులు చేసి తర్వాత లాగుతుంది, అంటే మార్టినీకి లేని బలం దీనికి ఉంది. ఈ కారణాలన్నీ కలిసి అన్‌షూట్జ్ లాంటి జర్మన్ బోల్ట్ రైఫిళ్లు మార్టినీలను రేంజ్ నుంచి పంపించేశాయి. మన మహారాష్ట్ర బిడ్డ, కొల్హాపూర్ జిల్లా స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ రకం పోటీలోనే. ఆ పతకం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

రిమ్ సంగతి మరవకూడదు. .303, .45-70, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .315, వీటి అడుగున కేస్ కంటే వెడల్పుగా అంచు ఉంటుంది. తూటా చాంబర్‌లో ఎక్కడ ఆగాలో ఆ అంచే చెబుతుంది, కేస్‌ను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ దాన్నే పట్టుకుంటుంది. సింగిల్ షాట్‌కు ఇది పుట్టుకతో వచ్చిన జోడీ. .308 లాంటి వాటికి అంచు బయటికి రాదు, గాడి మాత్రమే. పాత యాక్షన్‌లో వాటిని లాగాలంటే స్ప్రింగ్‌తో జరిగే కొక్కెం కావాలి. సన్నటి భాగం, ముందు విరిగేది అదే. ఎంచుకునే వీలుంటే సింగిల్ షాట్‌కు రిమ్ ఉన్న తూటానే నా ఓటు.

ఒకవేళ అక్కడ, చట్టం ఒప్పే దేశంలో ఉన్న మన బంధువు ఎవరైనా అడిగితే ఏం చెబుతాను? కాగితం మీద గురి మాత్రమే కావాలంటే బోల్ట్. రిమ్ ఉన్న, ఒక మోస్తరు ఒత్తిడి తూటా, చేతిలో అందమైన వస్తువు కావాలంటే కొత్తగా తయారైన హై వాల్. పెద్ద ఒత్తిడి తూటా తప్పదంటే రూగర్ నెంబర్ 1 లాంటి నేటి ఫాలింగ్ బ్లాక్. అసలు గిబ్స్ ఫార్కర్సన్ దొరికితే? దాన్ని కోయవద్దు, బ్యారెల్ మార్చవద్దు. వెయ్యి కూడా చేయని యాక్షన్లు అవి. పాడుచేసే హక్కు డబ్బు పెట్టి కొన్నవాడికి కూడా లేదని నేను నమ్ముతాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఒక తమ్ముడు అడుగుతున్నాడు, పాత యాక్షన్‌ను మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే కొత్త తూటాలకు గట్టిపడదా అని. ఐటీఐలో మీరు చదివినదే ఆలోచించండి. 1870ల నాటి చాలా రిసీవర్లు తక్కువ కార్బన్ ఉన్న లోహం. పైపొర మాత్రమే కేస్ హార్డెనింగ్‌తో గట్టి, లోపల మెత్తన. కార్బన్ అంత తక్కువ ఉన్న లోహాన్ని ఎంత కాల్చి చల్లార్చినా లోపలి దాకా గట్టిపడదు. పైగా రిసీవర్ వంకర పోతుంది, గాడి కొలత మారుతుంది. ఫైరింగ్ పిన్ రంధ్రం కూడా ఆ రోజుల్లో పెద్దగా పెట్టేవాళ్లు. ఎక్కువ ఒత్తిడిలో ప్రైమర్ ఆ రంధ్రంలోకి ఉబ్బి చిల్లుపడుతుంది, వేడి గ్యాస్ కళ్ల మీదికి వస్తుంది. కొత్త తూటాకు కొత్త ఉక్కే కావాలి.

అక్కడ కూర్చున్న చెల్లె అడిగింది, ఎడమచేతివాటం ఉన్న అమ్మాయికి రేంజ్‌లో ఏది నయమని. పోటీలకైతే ఎడమచేతి బోల్ట్ రైఫిళ్లు తయారవుతున్నాయమ్మా, కోచ్‌ను గట్టిగా అడుగు. కుడిచేతి బోల్టుతో సర్దుకోమంటే ఒప్పుకోవద్దు. చెయ్యి పైనుంచి చాచి బోల్టు తీసిన ప్రతిసారీ నీ భుజం కదులుతుంది, పొజిషన్ చెడుతుంది.

చివరి ప్రశ్న, ఇంట్లో తాతల నాటి లైసెన్సు తుపాకీ ఉంటే ఏం చేయాలి అని. లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకీని ఇంట్లో పెట్టుకోకూడదు. దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుడు తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సు వచ్చాక కూడా, లైసెన్సున్న గన్‌స్మిత్ చాంబర్ కొలిచి, బ్రీచ్ ఆనుడు చూసి, ఇది ఫలానా తూటాకు అని రాసిచ్చేదాకా అందులో తూటా పెట్టవద్దు. చాంబర్‌లో పట్టింది కదా అని వేరే తూటా పెట్టి కాల్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది, ఇంట్లోవాళ్లు ఎవరైనా అలా చేస్తుంటే ఇవాళే ఆపించండి.